మూడూళ్ళ లారీకి ఆయుధపూజ

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు రెండింటి మీద అపారమైన నమ్మకం ఉండేది. ఒకటి దేవుడు, రెండోది నేను గీసే పట్టికలు. మొదటి నమ్మకం ఆయన దయవల్ల ఇప్పటికీ చెక్కుచెదరలేదు. (రెండోదాని గతి ఏమైందో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.) నేను బడికి వెళ్ళలేదు. కన్నడ సీమలోని కాడుగోడిలో మా ఇంటి వంటగదే నా బడి. లెక్కలూ ఇంగ్లీషూ నాన్న చెబితే, తెలుగూ పంచాంగమూ అవ్వ చెప్పింది. పరీక్షలు మాత్రం బయటికి వెళ్ళి ప్రైవేటుగా రాశాను. అలా పెరిగినదాన్ని కనుక, లోకంలో ఏ చిక్కు వచ్చినా తెల్లకాగితం మీద నిలువుగీతలూ అడ్డగీతలూ గీసి, రాహుకాలం తప్పించి గడులు నింపితే అదే విడిపోతుందనుకునేదాన్ని.

అలాంటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం సరిగ్గా పట్టికలు గీసేదే కావడం దైవసంకల్పం కాక మరేమిటి? అత్తిబెలె దారిలో మూడు చిన్న ఊళ్ళు ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీని సొంతంగా పెట్టుకునే తాహతు ఏ ఊరి పురసభకూ లేక, మూడూ కలిసి ఒక లారీని, ఒక డ్రైవరన్నను, ఒక నన్ను పెట్టుకున్నాయి. లారీ ఏ రోజు ఏ ఊరికి వెళ్ళాలో రాసివ్వడం నా పని. ఆ ఊళ్ళ అసలు పేర్లు చెప్పను (ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది). ఆఫీసులో అనుకున్నట్టే పై ఊరు, నడిమూరు, చెరువూరు అంటాను. కాగితాలన్నీ కన్నడంలో నడిచేవి, కొట్లాటలన్నీ తెలుగులో. పై ఊరి అధ్యక్షుణ్ణి చాటుగా మీసాలాయన అనేవాళ్ళం. నడిమూరి అధ్యక్షురాలు అందరికీ అక్క. చెరువూరి అధ్యక్షుడు పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు మాట్లాడేవాడు కనుక మెత్తనాయన.

ఆ ఏడు దసరాకు మూడూళ్ళ ఒప్పందం గడువు తీరిపోయింది. మళ్ళీ సంతకాలు జరగాలి. మీసాలాయన అప్పటికే "మాకు ఈ పొత్తుల సంసారం వద్దప్పా" అని మెలిక పెట్టాడు. ఆయన తప్పుకుంటే మిగిలిన ఇద్దరూ లారీని మోయలేరు. లారీ పోతే డ్రైవరన్నా నేనూ ఇంటికే. సంతకాలు ఆయుధపూజ సెలవుకు ముందురోజు, చెరువూరి సముదాయ భవనంలో భోజనాలతో సహా పెట్టుకున్నారు. ఆఫీసుల్లో పూజ ఆ ముందురోజే చేసేస్తారు గనక, లారీ పూజ కూడా అప్పుడే. ఇక మొదలయ్యాయి ఫోన్లు.

"ఏమ్మా, పోయినేడు నడిమూరోళ్ళు మొదట చేసినారు. ఈ తూరి మొదటి పూజ మాది. కాదంటే సంతకం మాట మర్సిపోండి" అన్నాడు మీసాలాయన. ఆయన ఫోను పెట్టగానే అక్క. "ఆ మీసాలప్పకు మొదటి పూజ ఇచ్చినావంటే లారీ ముందర పండుకుంటా, చూస్కో." చివర్లో మెత్తనాయన. "మాకేం పట్టింపు లేదు తల్లీ. మొదట మాకే కదా?"

నేను స్నానం చేసి, దీపం పెట్టి, స్కేలు తీశాను. అరగంటలో నాకు జ్ఞానోదయమైంది. లారీ ఒకటే అయినా దాని భాగాలు మూడు! ముందుభాగం, ఇంజను పై ఊరికి. ట్యాంకు నడిమూరికి. పంపు, పైపు చెరువూరికి. ఎవరి భాగానికి వారిదే మొదటి పూజ. నా తెలివికి నేనే మురిసిపోయి, పట్టికలో ఇంకో గడి కూడా చేర్చాను: 'ఇంజను – వాహనం, పంపు – ఆయుధం'. (ఎవరూ అడగలేదు. పంచాంగం చదువుకున్న గర్వం.) మెత్తనాయన మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "ముందు మొగం వాళ్ళకు, వెనకాల పైపు మాకా తల్లీ?" అన్నాడు. "అయ్యా, మొగం అన్ని లారీలకూ ఉంటాది. పైపు ఉండబట్టే ఇది మన లారీ" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి.

పూజ రోజు నేను డ్రైవరన్న పక్కన కూర్చుని మూడూళ్ళూ తిరిగాను. పై ఊళ్ళో ముందు అద్దం కనపడనంతగా అరటిపిలకలు కట్టారు. నడిమూళ్ళో అక్క ట్యాంకుకు నిలువెల్లా పసుపు పూయించి, దానికొక పట్టుచీర చుట్టించింది. "పెండ్లికూతురి లెక్క ఉండాది కదా పాపా!" అని డ్రైవరన్న మురిసిపోయాడు. చెరువూళ్ళో పైపు మూతికి చేయంత లావు బంతిపూల మాల వేశారు. పూజారి హారతిచ్చి, గుమ్మడికాయ పగలగొట్టి, "ఇంక వీళ్ళు విశ్రాంతి తీసుకుంటారు" అని పంపుకూ పైపుకూ నమస్కారం పెట్టాడు. ముగ్గురు అధ్యక్షులూ ఒకే వరసలో నిలబడి నవ్వుతున్నారు!

సరిగ్గా అప్పుడు వంటాయన గరిటెతోనే పరుగెత్తుకొచ్చాడు. "సార్, భవనం వెనక గుంత పొంగిపోయుండాది! సాంబారు గుండిగ దాకా వచ్చేస్తాంది!"

అందరం లారీ వైపు తిరిగాం. పూజారి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అపచారం! పూజలో పెట్టిన ఆయుధాన్ని విజయదశమి పొద్దున దాకా ముట్టగూడదు. బండి పోవచ్చు, అది వాహనం. పంపు ఆయుధం. పాప రాసిన కాగితంలోనే ఉండాది."

మీసాలాయన మీసాలు నిటారుగా లేచాయి. "సుమ్నే, ఉత్తగా మాల వేసుకోని రెండు దినాలు నిలబడే లారీకా నేను సంతకం పెట్టాల్సింది? పదండప్పా, పోదాం" అని చెప్పులు వెతుక్కున్నాడు. ఇక గతిలేక అవ్వకు ఫోను చేశాను. కంగారులో వేలు తగిలి అది స్పీకరు మీద పడింది.

అంతా విని అవ్వ అడిగింది. "నీ లారీతోపాటు మనింట్లో కూడా పొద్దున్నే పూజ చేస్తిమి కదా. పొయ్యికి బొట్టు పెట్టినావా లేదా?"

"పెట్టినా అవ్వా."

"దాని మీదే చిత్రాన్నం చేసుకోని డబ్బాలో పెట్టుకోని పోయినావా లేదా?"

"పోయినా."

"పొయ్యికి లేని సెలవు పంపుకేమిటికే?"

అక్క చప్పట్లు కొట్టింది. "అట్ల అడుగు! పూజారప్పా, జవాబు చెప్పు. మీ ఇంట్లో రెండు దినాలు పొయ్యి ఆర్పుతారా?" పూజారి "పొయ్యి వేరే అమ్మా..." అని నసిగి, గాలిలో తేలి వస్తున్న రెండు రకాల వాసనలనూ పీల్చి, "ఇంకో హారతిచ్చి మొదలుపెట్టండి" అన్నాడు.

డ్రైవరన్న పైపును గుంతలోకి దించి, నన్నే పిలిచాడు. "రాసింది నువ్వు, ఆన్ చేసేది నువ్వే పాపా." నేను కళ్ళు మూసుకుని ఇష్టదైవాన్ని తలచుకుని మీట నొక్కాను. కళ్ళు మూసుకోవడం వల్ల ఒక సంగతి చూసుకోలేదు. మాల తీయలేదు. (తీయడానికి ఎవరికీ మనసు రాలేదు.) పైపు ఆ మాలను ముద్దపప్పు జుర్రుకున్నట్టు మూరెడు మూరెడుగా జుర్రుకుంది. అది గొంతుకు అడ్డం పడి, పంపు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

"ముగ్గురు కలిసి లాగితేనే వస్తాది" అన్నాడు డ్రైవరన్న. చుట్టూ చూస్తే జనమంతా ముక్కులు మూసుకుని ఇరవై అడుగులు వెనక్కి జరిగారు. మెత్తనాయన పంచె ఎగ్గట్టాడు. "మా ఊరి గుంత కదా." అక్క కొంగు దోపింది. "ఏమప్పా, ఆ మీసాలు ఉత్త చూసేదానికేనా?" అంది. మీసాలాయన పళ్ళు కొరుకుతూ వచ్చి పైపు పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు!

మాల వచ్చింది. మాల వెనకాల రావలసినవన్నీ వచ్చాయి. ముగ్గురికీ ఎవరి వంతు వారికి అందింది. నేను అంత సమానంగా ఏ పట్టికలోనూ పంచలేదు. మీసాలాయన ఎడమ మీసానికి ఒక బంతిపువ్వు వేలాడుతోంది. అప్పుడు మెత్తనాయన నవ్వాడు. పసిబిడ్డను నిద్రపుచ్చే గొంతు కాదది, పక్క ఊరికి వినపడే నవ్వు. అక్క పైపు మీదే కూలబడి నవ్వింది. చివరికి ఆ పువ్వు కూడా ఊగడం మొదలుపెట్టింది.

అరగంటలో గుంత ఖాళీ అయింది. ముగ్గురూ కొళాయి కింద స్నానాలు చేశారు. మార్చుకోవడానికి బట్టలు లేవు గనక, మెత్తనాయన తమ్ముడు ఇంటి నుంచి పంచెలూ చీరా తెచ్చేలోగా సన్మానానికని తెచ్చిన శాలువలు ముందే కప్పేశాం. సాంబారు క్షేమం. మీసాలాయన కాగితం ముందర కూర్చుని మీసాలు తుడుచుకున్నాడు. "నేను బయటికి పోతే మీరిద్దరూ ఈ కత ఊరూరా చెప్తారు. లోపలుంటే ముగ్గురమూ నోరు మూసుకోవచ్చు" అని సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు మహదేవపురలో నా ఆఫీసులో పట్టికలు కంప్యూటరే గీస్తుంది. ఏటా ఆయుధపూజకు పొయ్యికి బొట్టు పెడుతుంటే డ్రైవరన్న ఫోను వస్తుంది. "పాపా, పైపుకు మాల వెయ్యలేదు, బొట్టే పెట్టినా." లారీ మారింది, మూడూళ్ళూ ఇంకా కలిసే ఉన్నాయి. దేవుడికీ, అవ్వకూ, ఆ బంతిపువ్వుకూ నేను రుణపడి ఉన్నాను. మొన్న పాత పెట్టె సర్దుతుంటే ఆ పట్టిక బయటపడింది. అడుగున ఎర్ర సిరాతో రెండు గీతల మధ్య, ఎంతో ధీమాగా రాసి ఉంది: 'అన్ని ఘడియలూ రాహుకాలం తప్పించబడినవి.' నిజమే. గుంత పొంగిందీ, పైపు మింగిందీ, ముగ్గురూ తడిసిందీ అన్నీ శుభముహూర్తంలోనే. పంచాంగం తీసి మళ్ళీ సరిచూశాను. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల ఒక్క ఘడియ కూడా తప్పు వేయలేదు.