ఒక్క ప్రింటులోనే ఉన్న చుక్క

నేను రిటైరవడానికి ముందు ఏడాది, వానాకాలంలో, జంషెడ్‌పూర్‌లోని ఒక బాయిలర్ల కర్మాగారంలో నన్ను ఎక్స్‌రే విభాగానికి సీనియర్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. వెల్డింగు అతుకులకు ఎక్స్‌రే తీసి, లోపల బుడగలూ పగుళ్లూ ఉన్నాయేమో చూసి సంతకం పెట్టడం నా పని. వెలుతురు సోకని ఒకే కేసెట్లో రెండు ఫిల్ములు పెట్టి ఒకేసారి తీస్తాం. మచ్చ రెండింటిలోనూ ఉంటే అతుకులో లోపం. ఒకదానిలోనే ఉంటే ఫిల్ము మీద గీతో దుమ్మో. దాన్ని 'ఆర్టిఫ్యాక్ట్' అని రాసి వదిలేస్తాం. ఏ కర్మాగారంలో చేసినా ముప్పయ్యేళ్లు ఈ సూత్రమే నాకు అన్నం పెట్టింది.

నా జూనియర్ పార్వతిది ఆ ఊళ్లోనే సీతారాండేరా పేట. మనిషి నెమ్మది, కన్ను మాత్రం డేగకన్ను. ఆమె ఒక ఖగోళ సంఘంలో సభ్యురాలు. వాళ్లు పంపే గెలాక్సీల పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ భోజనాల వేళ పక్కపక్కన పెట్టి, పేలిన నక్షత్రం, అంటే సూపర్‌నోవా, ఏదైనా దొరుకుతుందేమోనని వెదికేది. దొరికితే కనిపెట్టినవాళ్ల జాబితాలో పేరెక్కుతుంది. రెండేళ్లయినా ఒక్కటీ దొరకలేదు. నక్షత్రాలు కూడు పెట్టవమ్మా, ముందు డబ్బా తెరువు అని ఆటపట్టించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం రెండు ప్రింట్లు తెచ్చింది. సుడులు లేకుండా, మసూర్ పప్పులా మధ్యలో ఉబ్బి అంచులు పలచబడిన గెలాక్సీ. లెంటిక్యులర్ అంటారట. అందులో లోగడ ఒక సూపర్‌నోవా కనబడి ఆరిపోయిందట. ఇప్పుడు కొత్త ప్రింటులో అంచున మరో చుక్క, పాతదానిలో లేదు. సంఘానికి పంపమంటారా అని అడిగింది. లైటు పెట్టె మీద పెట్టి చూసి, ఒకదానిలోనే ఉంది కాబట్టి నకిలీ అన్నాను. అలవాటు కొద్దీ ప్రింటు మీద 'ఆర్టిఫ్యాక్ట్' అని రాసి, తేదీ వేసి సంతకం కూడా పెట్టాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పెద్దవాడి మాట కాదనలేక ఆమె పంపలేదు.

నాలుగు రోజుల తరవాత అదే చుక్కను మరొకరు పంపారు. అది నిజంగా సూపర్‌నోవాయేనని సంఘం అందరికీ తెలియజేసింది. పార్వతి ఆ కబురు నా బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, మన ఫిల్ములు రెండూ ఒక్కపాలే తీత్తాం. ఇయ్యి ఏడాది తేడాలో తీసినయి గదా. కొత్తదాన్లోనే ఉండాల. పేలడవంటే అదే."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. ఆమె ముందే చూసిందనీ, తప్పు నాదేననీ ఆ పూటే సంఘానికి రాశాను. ముందే చూసినట్టు రుజువేమిటని వాళ్లు అడిగారు. నేను తల పట్టుక్కూర్చుంటే పార్వతి సొరుగులోంచి ప్రింటు తీసింది.

"ఏటి బాబాయ్, మీ సంతకం ఉంది గదా."

చుక్క చుట్టూ ఆమె గీసిన సున్నా, పక్కనే నా తప్పు తీర్పు, దాని కింద తేదీ. ఆ కాగితమే పంపాం. విడిగా కనిపెట్టిన వ్యక్తిగా ఆమె పేరు జాబితాలో చేర్చారు. జుగ్సలాయి బజారు నుంచి లడ్డూలు తెచ్చి మొదటిది నా చేతిలోనే పెట్టింది.

సూత్రం నేర్చుకున్నప్పుడే అది ఎక్కడ చెల్లదో కూడా నేర్చుకోవాలి. తీర్పు ఇచ్చాక, అది తప్పయినా సరే, కింద తేదీ వేసి సంతకం పెట్టాలి.