తెరకు వీపు పెట్టి కూర్చున్న టీచరమ్మ

పోయిన మంగళవారం పొద్దున నేను ఆఫీసు బస్సులో ఉండగా టీచరమ్మ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఆవిడ మెసేజ్ అంటే నాకు ముందు భయం, తర్వాత నవ్వు. "నీ కొత్త కోర్సు ఏడో భాగం చదువుతున్న, రెండో పేజీలనే నిద్రొచ్చింది" అని ఉంటుందనుకుని తెరిచాను. "అమ్మ ఈ రోజు తెల్లవారుజామున చనిపోయింది" అని ఉంది. రాసింది ఆవిడ కూతురు.

బస్సు బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగి ఉంది. నా ముఖం చూసి పక్క సీటు అమ్మాయి ఏమైందని అడిగితే "మా టీచరమ్మ పోయారు" అన్నాను. "స్కూల్లో చెప్పారా?" అంది. కాదు. నాకు ముప్పై రెండేళ్ళు వచ్చాక, మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో చెప్పారు.

మా కంపెనీ ఆన్‌లైన్ శిక్షణ కోర్సులు తయారుచేస్తుంది. అవెలా ఉంటాయో ఈ చుట్టుపక్కల ఉద్యోగం చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక చేత్తో ఇడ్లీ తింటూ ఇంకో చేత్తో 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోయి, చివర్లో పది ప్రశ్నలకి ఏదో ఒకటి పెట్టేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారే, అవే. వాటిని రాసేవాళ్ళలో నేనొకదాన్ని. మీరెప్పుడైనా తిట్టుకుని ఉంటే అది నాకే తగిలి ఉంటుంది.

టీచరమ్మ వరంగల్ వైపు సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి, రిటైరై, నిజాంపేటలో కూతురి దగ్గర ఉండేవారు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ళ కోసం మేం తెలుగులో కోర్సులు మొదలుపెట్టినప్పుడు, అక్షరదోషాలు దిద్దడానికని మా మేనేజర్ ఆవిడని పిలిపించాడు. నేత చీర, భుజానికి గుడ్డ సంచి, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్. రెండోది ఎందుకు పెట్టుకోరని అడిగితే "ఒక చెవి కథకు, ఒక చెవి కండక్టరుకు" అన్నారు. దారంతా ఫోన్లో సిరీస్‌లు చూసేవారు. కొరియావాళ్ళదో మలయాళంవాళ్ళదో, ఏ భాషదైనా ఫరవాలేదు. భాగం అయ్యేలోపు మాదాపూర్ వచ్చేస్తే మాత్రం కండక్టరు అరిచినా ఆ రెండో చెవి పనిచేసేది కాదు. స్టాపు దాటిపోయి వెనక్కి నడిచొచ్చేవారు. అందరిలా ఆలస్యాన్ని ట్రాఫిక్ మీద నెట్టేసే అలవాటు ఆవిడకి లేదు. "ఏం చెయ్యను బిడ్డా, ఆ పిల్ల దొరికిపోయేటట్టున్నది, ఎట్ల దిగుదు?" అనేవారు.

నా మొదటి కోర్సు కాగితాలు దిద్ది ఇచ్చినప్పుడు మార్జిన్లలో ఎర్ర సిరాతో అక్కడక్కడా 'ఆ' అని రాసి ఉంది. ఏమిటండీ ఇది అన్నాను.

"ఆవలింత. ఎక్కడెక్కడ వచ్చిందో గుర్తు పెట్టిన."

నాకు ఒళ్ళు మండింది. "ఇది భద్రత గురించి శిక్షణండీ, సినిమా కాదు. నచ్చినా నచ్చకపోయినా వాళ్ళు కూర్చుని చూడాల్సిందే."

"బడిల గూడ అందరు కూసోవాల్సిందే. కూసున్నోళ్ళంత ఇన్నరా?" అని, కాగితాలు నా ముందుకు జరిపి, "పిల్లగాడు బెల్లు కోసం చూస్తున్నడంటే తప్పు బెల్లుది కాదు బిడ్డా" అన్నారు. ఆ మాట మీద రెండు రోజులు అలిగాను. మూడో రోజు ఆవిడ ఇంట్లో కాల్చిన సర్వపిండి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అలక తీరింది. సర్వపిండికి పడిపోయానని ఆఫీసంతా ఏడిపించారు, అది నిజమే.

సిరీస్‌లు ఎలా పట్టుకుని కూర్చోబెడతాయో ఆవిడే నాకు విప్పి చెప్పారు. "రోజూ ఒకే మనుషులు రావాలె, అప్పుడే మనోళ్ళయితరు. మొదటి నిమిషంలనే ఏదో ఒక లొల్లి ఉండాలె. ఎనిమిది నిమిషాలు దాటొద్దు. లేస్తరనంగ ఒక ముడి వెయ్యి. ఆ ముడి కోసం రేపు వాళ్ళే వస్తరు." అలా పుట్టింది మా కోర్సు కథానాయిక మల్లమ్మ. ఆఫీసు బాత్రూములు కడిగే మనిషి. ఇంటర్ చదివే కూతురు, చిటపటలాడే సూపర్‌వైజరు. సిరీస్‌ల మాదిరే వారానికొక భాగం, ప్రతి సోమవారం వదులుదాం అన్నది మాత్రం నా ఆలోచన.

ఏ భాగమైనా వదిలేముందు ఒక పరీక్ష ఉండేది. మధ్యాహ్నం అందరి తిళ్ళూ అయ్యాక, మా అంతస్తు హౌస్‌కీపింగ్ వాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు పాంట్రీలో డబ్బాలు విప్పుకునేవారు. టీచరమ్మ అక్కడ లాప్‌టాప్ పెట్టి, తను కుర్చీ తిప్పుకుని తెరకు వీపు పెట్టి కూర్చునేవారు. ఆవిడ చూసేది చూసేవాళ్ళని. ఎవరి చెయ్యి ఫోన్ మీదికి పోయినా నిమిషం రాసుకునేవారు. అంతా అయ్యాక "తర్వాత ఏమైంది?" అని ఒక్కరూ అడగకపోతే ఆ కాగితాలు చించి నా చేతిలో పెట్టేవారు. ఎన్నిసార్లు చించారో నేను చెప్పను.

మూడో భాగానికి మాత్రం పాంట్రీ అంతా కేక పెట్టింది. కథలో పెద్ద సార్లు వచ్చేస్తున్నారు, బాత్రూములో మొండి మరక పోవడం లేదు. మల్లమ్మ ఒక చేత్తో యాసిడ్ సీసా, ఇంకో చేత్తో బ్లీచింగ్ సీసా తీసుకుని రెండూ ఒకే బకెట్లో పోసేస్తుంది. ఆమె ముఖం మీద ఆపేశాను. ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుందని, ఊపిరాడదని నాలుగో భాగంలో తెలుస్తుంది, అంటే ఇంకో వారానికి. "తర్వాత ఏమైంది, ఏమైంది?" అని అందరూ మీద పడ్డారు. టీచరమ్మ చప్పట్లు కొట్టారు. నేను ఆ రోజు గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళాను.

సోమవారం ఆ భాగం వదిలాం. గురువారం ఫోన్ వచ్చింది. నానక్‌రాంగూడలో ఒక ఆఫీసులో పనిచేసే యాదమ్మ అనే ఆవిడ రెండు సీసాలూ కలిపి పోసి, తలుపు మూసుకుని నేల రుద్దుతూ పడిపోయింది.

దవాఖానాకి ఇద్దరం వెళ్ళాం. యాదమ్మకి మాట కష్టంగా వస్తోంది. "మల్లమ్మ పోసింది గద అని పోసిన. ఆమె ముఖం చూస్తే మరక పోయిందనే అనుకున్న" అంది. పాంట్రీలో ఎవరికీ తట్టనిది అదే. మేం ముడి వేశామనుకున్నాం, ఆమె చిట్కా నేర్చుకుంది. బయట బెంచీ మీద టీచరమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "నేను వాళ్ళ ముఖాలే చూసిన బిడ్డా. రేపు పనికాడ ఆ చేతులు ఏం చేస్తయో చూడలే" అన్నారు.

మర్నాడు మేనేజర్ తలుపు వేసి అడిగాడు. "ఈ ముగింపు ఎవరు రాశారు?" నేను బల్ల వైపు చూశాను. ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

"నేనే రాయించిన. ఏమన్న అనేదుంటె నన్ను అను" అన్నారు టీచరమ్మ.

నేను నోరు మెదపలేదు. లిఫ్టులో మాత్రం "టీచరమ్మా, అది నేను కదా..." అని మొదలుపెడితే మధ్యలోనే ఆపేశారు. "ముందుగాల నాలుగో భాగం ఇయ్యాలనే అందరికి పంపియ్యి. సోమవారం దాక ఆగకు. ఏడ్సుడు తర్వాత."

ఆ తర్వాత మాకు ఒకే నియమం. ప్రమాదం ఏ భాగంలో చూపిస్తే ఆ భాగంలోనే, ఆపేముందే, దాని సంగతి తేల్చెయ్యాలి. ముడి వేస్తే మనుషుల మీద వెయ్యాలి: కూతురు పాసయిందా, సూపర్‌వైజరుకి కోపం తగ్గిందా. "కథ రేపటిదాక ఆగుతది బిడ్డా, జాగ్రత్త ఆగదు" అనేవారు టీచరమ్మ. యాదమ్మ కోలుకున్నాక ఆమెని మా అంతస్తులోకి మార్పించి, పాంట్రీలో ముందు వరసలో కూర్చోబెట్టారు. యాదమ్మ సరే అంటేనే భాగం బయటికి వెళ్ళేది. రెండేళ్ళు ఆమె ఎదురుగా నిలబడి భాగాలు చూపించాను. దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది, నేను కిటికీలోంచి చూసేదాన్ని. నిజం చెప్పలేదు. మేనేజర్‌కీ చెప్పలేదు.

ఆ మంగళవారం నిజాంపేట వెళ్ళేసరికి అపార్టుమెంటు కింద పార్కింగులో కుర్చీలు వేసి ఉన్నాయి. చివరి కుర్చీలో యాదమ్మ. పక్కన కూర్చున్నాను. ఇక మోయలేకపోయాను. "యాదమ్మా, ఆ మూడో భాగం ముగింపు టీచరమ్మది కాదు, నాది. నేనే రాశాను. వారానికొకటి వదులుదామన్నదీ నేనే" అన్నాను.

యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకు ఎరుకే అమ్మా. దవాఖానల ఉన్నప్పుడే టీచరమ్మ చెప్పింది. 'రాసిన పిల్ల మస్తు భయపడ్డది. ఒకదినం తనే వచ్చి చెప్తది, అప్పటిదాక నువ్వు ఏం అడగకు' అన్నది."

"ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదే?"

"అడగొద్దన్నది గద. నెలకోసారి ఆమెనే అడుగుతుండె, 'చెప్పిందా?' అని. ఇంకా లేదంటే, 'చెప్తది తియ్యి' అంటుండె."

నేను ఆ కుర్చీల మధ్య సిగ్గు లేకుండా ఏడ్చాను. లిఫ్టులో ఆవిడ 'తర్వాత' అన్న ఏడుపు అదే. ఆవిడ ఉండగా చెప్పలేకపోయానన్న బాధ నాకు తీరేది కాదు. నెలనెలా ఆవిడ అడిగినందుకు నేను ఇవ్వాల్సిన జవాబు కొన్ని గంటలు ఆలస్యమైంది.

వచ్చేటప్పుడు కూతురు ఆ గుడ్డ సంచిలోంచి, మల్లమ్మతోనే చేస్తున్న నా కొత్త కోర్సు ఏడో భాగం కాగితాలు తీసి ఇచ్చింది. రెండో పేజీలో ఒక ఎర్ర 'ఆ', ఐదో పేజీలో ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ లేదు. బాగుందని గుర్తు పెట్టలేదో, అక్కడిదాకే చదివారో నాకు తెలియదు. ఆ రెండు చోట్లా తిరగరాశాను.

నిన్న సోమవారం పొద్దున్నే మేనేజర్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. "రెండేళ్ళయింది కదా, ఇప్పుడెందుకు?" అన్నాడు. ఆవిడ పేరు మీద ఉండకూడదండీ అన్నాను. తల ఊపాడు.

మధ్యాహ్నం పాంట్రీలో ఏడో భాగం పెట్టాం. ఆవిడ కుర్చీ అలాగే గోడ దగ్గర ఉంది. దాన్ని లాక్కుని, తెరకు వీపు పెట్టి కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అటు వైపు నుంచి చూడలేదు. వెనక మల్లమ్మ గొంతు వినిపిస్తోంది. నిచ్చెన ఎక్కేముందు ఏం చూసుకోవాలో పూర్తిగా చెప్పేసింది. తర్వాత కూతురి ఫలితాల ఫోన్ మోగింది. మల్లమ్మ ఎత్తింది, అక్కడ ఆగిపోయింది. సెక్యూరిటీ ఆయన డబ్బా మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎవరి చెయ్యీ ఫోన్ మీదికి పోలేదు. ముందు వరసలో యాదమ్మ చేతిలో అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కళ్ళు నా భుజం మీదుగా తెర వైపు. ముద్ద ఇంకా అక్కడే ఉంది.