కుట్టని సందు

రామయ్యపట్నంలో మా పెద్దమ్మ తన పెరట్లో ముంగిస కనబడినా తొండ కనబడినా, ఊరి పెద్ద ఎదురైనట్టు కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. "ఎల్లు నాయనా, మావే నీకు అడ్డమొచ్చినాం" అనేది. సెలవులకు బరంపురం నుంచి వెళ్ళిన నాకు అది చూస్తే నవ్వొచ్చేది.

సముద్రపొడ్డునున్న ఆ ఊళ్ళో చిరిగిన చేపల వలల్ని పారేయరు, మేకలు రాకుండా పాదుల చుట్టూ కడతారు. పెదనాన్న కూడా చిక్కుడు పాదుకు అలాగే కట్టాడు. ఒక పొద్దున అందులో జెర్రిపోతు చిక్కుకుంది. గింజుకున్నకొద్దీ దారాలు దాని ఒంట్లోకి దిగుతున్నాయి. పెదనాన్న కర్ర తెచ్చేలోగా పెద్దమ్మ దాని తల మీద గోనె కప్పి, కత్తితో దారాలు కోసేసింది. అది సరుగుడు తోటలోకి జారిపోయింది.

"పాము కోసం వల కోసినావా? నీకేటి మతి పోనాదా?" అన్నాడు పెదనాన్న.

"వల సేపలకి నేసింది. పాముకేటి తెలుసు?" అంది పెద్దమ్మ.

ఆయన సాయంత్రానికల్లా ఆ కంత కుట్టేశాడు. మర్నాడు ఆవిడ అక్కడే, నేలకు ఆనుకుని పాము దూరేంత మేర మళ్ళీ కోసింది. ఆ సెలవులన్నీ ఆయన కుట్టడం, ఆవిడ కోయడం.

పెద్దమ్మ పోయాక మొన్న వెళ్ళాను. పాదు చుట్టూ వేరే వల ఉంది. కింద మాత్రం జానెడు సందు, అంచులు చక్కగా మడిచి కుట్టి ఉన్నాయి.

"ఇక్కడ మూయడం మరిసిపోనావేటి పెదనాన్నా?" అని అడిగాను.

ఆయన చిక్కుడుకాయలు కోస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"మూసెత్తే మీ పెద్దమ్మ ఊరుకుంటాదేటి?"