అన్న బిగించిన బోల్టులు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు పక్కన మాకు జీపుల షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లుగా అక్కడే పని చేస్తున్నాను. మనుషులు పోయిన బండ్లు కూడా మా దగ్గరికి వచ్చాయి. వాటి కింద పడుకొని పని చేశాను, వాటి సీట్లలో కూర్చొని టిఫిన్ తిన్నాను. ఏ ఆత్మా వచ్చి నన్ను పలకరించలేదు. అలాంటి కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు సరదా కూడా. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు సిగ్గుపడ్డాను.

షెడ్డు మా అన్న సత్తయ్యది. నాకు పని నేర్పింది ఆయనే. పోయినేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. మచ్చ బొల్లారంలో ఇంట్లోనే మంచం మీద ఉంటాడు. వదిన ఆ మంచం పక్కనే మిషన్ వేసుకొని జాకెట్లు కుడుతుంది.

మొదటి ఆరు నెలల్లో ఎంత వస్తే అంతేనని, ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. ఆరు నెలలూ గడిచాయి, ఏమీ రాలేదు. కాలి సంగతి మేం వదిలేశాం. కుడి చెయ్యి ఒక్కటి కాస్త కదిలితే చాలని వదిన ఆశ. నాదీ అదే. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి, చెయ్యి కదిలినట్టు అనిపించినప్పుడల్లా గీత పెట్టి టైము రాయమంది. వదిన గోడ క్యాలెండర్‌కు దారంతో ఒక పెన్సిల్ కట్టింది. తొమ్మిది నెలలు గడిచినా ఆ పెన్సిల్ అరగలేదు.

షెడ్డులో అన్నకు ఒక రూలు ఉండేది. ఎవరు బిగించిన బోల్టు వాళ్లే విప్పాలి. రేపు తనే విప్పాలని తెలిస్తే ఎవడూ మొండిగా బిగించడని ఆయన లెక్క. ఇంటికి వెళ్లిపోయిన మనిషిని కూడా ఫోన్ చేసి వెనక్కి పిలిపించేవాడు. నన్నే ఒకసారి బంధువుల పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేపి రప్పించాడు. ఆ రోజు నేను ఆయనను తిట్టని తిట్టు లేదు.

మొన్న ఎండాకాలంలో రావల్కోల్ ఊరి రహీం భాయ్ తన పాత జీపు తెచ్చాడు. ఆయనది వ్యవసాయం. ఆదివారం వస్తే చాలు, ఆ జీపును రాళ్లలోకి, బురదలోకి, చెరువు అంచు నీళ్లలోకి దించుతాడు. అది ఆయన పిచ్చి. వెనక డిఫరెన్షియల్ నుంచి గుయ్యిమని మోత వస్తోంది. డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా కనిపించే ఇనుప బుర్ర. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే పళ్లచక్రాలు అందులో ఉంటాయి.

కింది ప్లగ్గు విప్పితే నూనె పాలు పోసిన చాయ్‌లా కారింది. లోపలికి నీళ్లు దూరాయన్నమాట. ఇక మూత విప్పాల్సిందే. ఆ మూత చుట్టూ పది బోల్టులు. ఏడాదిన్నర కింద వాటిని బిగించింది అన్నే. బిగించాక తలమీద పసుపు రంగు చుక్క పెట్టడం ఆయన అలవాటు. తుప్పులో ఆ చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి.

బోల్టులు కదులుతాయో లేదో చూడకుండానే నూనె దించేశాను. అది నా తప్పు. ఇక బండిని అక్కడి నుంచి నడిపే వీల్లేదు.

పొద్దున పదింటికి మొదలుపెట్టాను. తుప్పు వదిలే నూనె కొట్టాను. సుత్తితో తట్టాను. గ్యాస్ మంటతో కాల్చాను. ఒంటిగంటకు రెండంటే రెండు వచ్చాయి. మిగతా ఎనిమిదీ మూతతో కలిపి పోతపోసినట్టు ఉన్నాయి. పానాకు పొడుగు పైపు తొడిగి నేను, రహీం భాయ్ ఇద్దరం కలిసి లాగాం. పానా జారి నా వేళ్ల మీద చర్మం లేచింది. బోల్టు తలల అంచులు అరగడం మొదలైంది. ఇంకాస్త అరిగితే తలలు కోసి, డ్రిల్లు పెట్టడమే దారి.

అన్నం తిన్నాక మళ్లీ కిందికి దూరాను. మూడు దాటింది. రేకుల కింద ఉడికిపోతున్నాం.

"ఛోడో శీను. గివి అచ్చేటట్టు లెవ్వు. రేపు జూద్దాం," అన్నాడు రహీం భాయ్.

నాకు ఒళ్లు మండింది. రహీం భాయ్ మీద కాదు, అన్న మీద. అట్లా మంచాన పడి అన్నీ నా నెత్తిన వదిలేశాడని లోపల ఒక కోపం ఉండేది. అది మంచి కోపం కాదని తెలుసు. జీపు కింద వెల్లకిలా పడుకొని గట్టిగానే అన్నాను.

"నీ రూలే గదనే అన్నా. నువ్వు బిగిచ్చినయి నువ్వే ఇప్పు."

అది మొక్కు కాదు, ప్రార్థనా కాదు. తిట్టడమే.

పైపు తీసేసి ఉత్త పానా పెట్టాను. ఒక చేత్తో, పెద్దగా బలం పెట్టకుండానే లాగాను. టక్కుమని బోల్టు వదిలింది. రెండోది పెట్టాను. అదీ అంతే. నిన్న సాయంత్రం ఎవరో వేళ్లతో తిప్పి పెట్టినంత తేలిగ్గా వచ్చాయి. మొదట రహీం భాయ్ నవ్వాడు. ఎనిమిదోది వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. నల్లా దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

నేను బయటికి వచ్చి ఫోన్ చూస్తే వదిన నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వెంటనే చేశాను. ఆమె ఏడుస్తోంది.

"శీను, మీ అన్న చెయ్యి లేసింది. జల్దీ రా."

బండి మీద ఎలా వెళ్లానో గుర్తు లేదు. అన్న ఫ్యాన్ వైపు చూస్తూ పడుకొని ఉన్నాడు. చెయ్యి పక్కన ఎప్పటిలాగే పడి ఉంది. క్యాలెండర్ మీద మాత్రం వరసగా ఎనిమిది గీతలు, పక్కన మూడూ పది అని ఉంది. చెయ్యి ఎలా కదిలిందో వదిన చేసి చూపించింది. పిడికిలి బిగించి, తన వైపుకు ఒక్క లాగు లాగి, వదిలేయడం. మళ్లీ కాసేపటికి అంతే. పానా పట్టినవాడికి ఆ లాగు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. షెడ్డులో జరిగింది ఆమెకు చెప్పలేదు.

రెండు వారాలు మేం మనుషుల్లా బతికాం. వదిన పక్కింటివాళ్లకు కూడా చెప్పుకుంది. తర్వాత డాక్టర్ చూసి, బిగుసుకుపోయిన కండరాలు అప్పుడప్పుడు అలా అదురుతాయని, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని అన్నాడు. ఆ తర్వాత చెయ్యి కదలలేదు. ఇప్పుడు వేళ్లు లోపలికి ముడుచుకుపోతున్నాయి. వ్యాయామం అమ్మాయి రావడం మానేసింది.

మంట పెట్టిన ఇనుము చల్లారాక బోల్టు వదలడం మా పనిలో మామూలే. డాక్టర్ చెప్పిందీ నిజమే కావచ్చు. విడివిడిగా రెండూ అర్థమవుతాయి. ఒకే టైముకు, అదే లెక్కకు ఎలా జరిగాయో మాత్రం నాకు తెలియదు.

సిగ్గు విడిచి ఇంకొకటి కూడా చెబుతాను. తర్వాత ఒక మధ్యాహ్నం షెడ్డులో ఒంటరిగా, అన్న బిగించిన ఇంకో పాత మూత ముందు కూర్చొని అవే మాటలు అన్నాను. ఏదో వంక పెట్టి వదినకు ఫోన్ చేసి, అన్న ఎట్లా ఉన్నాడని అడిగాను. "ఎట్లుంటడు, అట్లనే ఉన్నడు," అంది. బోల్టులూ అట్లాగే ఉన్నాయి.

పోయిన నెల అన్నను చూడడానికి వచ్చిన రహీం భాయ్, నాకు తెలియకుండా, ఆ రోజు సంగతంతా వదినకు చెప్పేశాడు. నేను వెళ్లేసరికి ఆమె మిషన్ ఆపి కూర్చుంది.

"మొత్తం ఎన్ని బోల్టులు శీను?"

"పది."

"రెండు నువ్వే తీసినవా?"

అవునన్నాను. ఆమె అన్న వైపు చూస్తూ మెల్లగా అంది.

"గా దినం ఎనిమిదోసారి లాగి ఇడిసిపెట్టంగనే, నా చెయ్యి తీస్కపోయి ఆయన చేతిల పెట్టిన. నువ్వు అచ్చి పోయినంక గూడ పొద్దుమీకేదాంక గట్లనే కూసున్న. ఇంకొక్క బోల్టు నువ్వు తీసుంటే, గా ఒక్క లాగుడు నా చేతికి మిగులుతుండె గద శీను."

ఆమె మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.