పెదనాన్న చిల్లర డబ్బా

పెదనాన్న పోయాడని పొద్దున్నే ఆయన కొడుకు, మా అన్న ఫోన్ చేశాడు. "నాయిన లేడమ్మా. ఎండ ఎక్కకముందే ఎత్తేస్తాం, బిన్నా రా" అన్నాడు. అంబత్తూరు నుంచి పడుతూ లేస్తూ చింతాద్రిపేట చేరేసరికి తప్పెట్లు మోగుతున్నాయి. పాడె అప్పుడే ఇంటి ముందు నుంచి కదిలింది.

ఆయన తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో టైమ్‌కీపరుగా చేశాడు. సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చాక చొక్కా జేబు బోర్లిస్తే రాలే చిల్లరే ఆయన సరదా. నా చిన్నప్పుడు ఒకరోజు నా అరచేతిలో రూపాయి పెట్టి, "ఇంద, సంవత్సరం కింద ఏముందో చూడు" అన్నాడు. చిన్న నక్షత్రం ఉందన్నాను. "అయితే ఇది హైదరాబాదులో పుట్టింది మే. ఎన్ని జేబులు తిరిగి ఈడికి వచ్చిందో!" అన్నాడు. ఆ రోజు నుంచి మా పాలవాడు ఇచ్చే చిల్లరను కూడా నేను ఊరికే వదల్లేదు. చేతిలో పడినదాన్ని తిప్పి చూడడం నాకు నేర్పింది ఆయనే. ఎన్ని చదువులు చదివినా అంతకంటే పనికొచ్చింది నాకు దొరకలేదు.

నాణేన్ని డబ్బిచ్చి కొనకూడదని ఆయన పట్టు. "దానంతట అది రావాల" అనేవాడు. బజారులో పాత నాణేలు అమ్మేవాడి ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని కళ్లారా చూసి వచ్చేసేవాడు. దొరికిన ప్రతి నాణేన్నీ ఆ రోజు క్యాలెండరు కాగితంలోనే చుట్టి బిస్కెట్ డబ్బాలో వేసేవాడు. ఒక శుక్రవారం పెద్దమ్మ దీపపు కుందులతోపాటు తామరపువ్వు బొమ్మున్న ఇరవై పైసలను కూడా చింతపండేసి తళతళా తోమిపెట్టింది. పాపం, మంచి చేశాననే అనుకుంది. "దాని వయసంతా తోమేసినావు గదమే!" అని ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

పెద్దమ్మ పోయాక చక్కెర జబ్బు ఆయన కళ్లను తినేసింది. పైగా టీకొట్టులో కూడా అందరూ ఫోనుతో కట్టేస్తుంటే ఇక చిల్లర ఎక్కడినుంచి వస్తుంది? నేను పూలమ్మే ఆమె దగ్గర పనిగట్టుకుని చిల్లర అడిగి తీసుకెళ్లేదాన్ని. బొటనవేలితో అంచు తడుముతూ "ఇది ఏ ఊరిదే?" అని అడిగేవాడు. ఒకసారి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నా తర్వాత ఈ డబ్బా నువ్వు ఎత్తుకుపో. ఈడ దీని సంగతి ఎవురికీ తెల్దు" అన్నాడు. సరేనన్నాను.

ఆయన పోయిన రోజు ఇంట్లోకి అడుగుపెట్టగానే అలమర చూశాను. డబ్బా లేదు. నేలమీద విప్పేసిన క్యాలెండరు కాగితాలు కుప్పగా పడి ఉన్నాయి. వీధి చివరికి పరుగెత్తాను. ముందు అన్న నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్నాడు. పక్కింటాయన డబ్బా చంకలో పెట్టుకుని, మరమరాలతో కలిపి పిడికిళ్లతో నాణేలు చల్లుతున్నాడు. "అయ్యో, ఆ డబ్బా వద్దు!" అని అరిచాను. ఆ తప్పెట్లలో ఎవరికి వినిపిస్తుంది? ఆడవాళ్లు వీధి చివర దాటకూడదని పిన్ని నా భుజం పట్టి ఆపింది.

అన్న తిరిగొచ్చి, తడిబట్టలతో గడపలో కూలబడ్డాడు. కడిగేద్దామనే ఎదురెళ్లాను. "డబ్బా ఎందుకు తీసినావన్నా?" అన్నాను.

"ఎవుర్ని అడిగినా చిల్లర లేదమ్మా, అందరి కాడా ఫోనే. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్లు కాసు కాసు చుట్టి పెట్టుకునింది దీనికేనని. సావులో గూడా నా మీద బరువు పెట్టకూడదనుకున్నాడు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఒక్కటి గూడా మిగల్చలేదు. అన్నీ ఆయనకే చల్లించినా."

కాదన్నా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట చెప్పి వాడికి ఇంకేం మిగల్చను?

రోడ్డు మీదికి వచ్చాను. ఏరుకున్నవాళ్లు ఏరుకుపోయారు. ఎండకు మెత్తబడిన తారులో ఒక రూపాయి అణిగిపోయి ఉంది. సింహాల బొమ్మ పైకి, సంవత్సరం కిందికి. కూర్చుని తలపిన్నుతో పెకలించాను, గోటితో గీకాను. గోరు విరిగింది కానీ అది కదల్లేదు. వెనక ఆటో హారన్ కొట్టింది. లేచి పక్కకు జరిగాను. చక్రం దాని మీదుగా వెళ్లిపోయింది.