బాబాయిగారి ఎడమచెయ్యి

ఒంటరితనం అంటే ఏమిటో లోకంలో తనొక్కరికే తెలుసన్నట్టు ఎవరైనా నా దగ్గర మాట్లాడితే, "మీరెప్పుడైనా ఇంట్లో ఒక్కరే కూర్చుని బేస్ గిటార్ వాయించారా?" అని అడుగుతాను. లేదంటారు. అయితే కాసేపు నేను చెప్పేది వినమంటాను. నేను రాజమండ్రిలో డిగ్రీ చదివే కాలానికి ఆడపిల్లకి పాట వస్తే ముచ్చట, వీణ వస్తే పెళ్ళిచూపుల్లో చెప్పుకోదగ్గ గుణం, మామూలు గిటార్ వస్తే "అబ్బో". బేస్ గిటార్ వస్తే ఏమనాలో మాత్రం ఎవరికీ తోచేది కాదు. నాలుగే తీగలు, ఒక్కొక్కటీ చేంతాడంత. అది పాట వాయించదు, పాట కింద నిలబడుతుంది. పప్పుచారులో పప్పు లాంటిదన్నమాట. ఉన్నంతసేపూ ఎవరూ దాని ఊసెత్తరు, లేకపోతే మాత్రం "ఇవేం నీళ్ళండీ?" అంటారు. చారు లేకుండా ఉత్త పప్పు ఎంతకాలం తినగలరో, పక్కన ఎవరూ లేకుండా బేస్ కూడా అంతకాలమే వాయించగలరు. నేను దాదాపు రెండేళ్ళు తిన్నాను.

ఆ గిటార్ మా చిన్న మావయ్యది. చర్చిలో క్రిస్మస్ కూటాలకి వాయించేవాడు. పెళ్ళయ్యాక ముందుగదిలో దానికి చోటు లేదని అత్తయ్య తేల్చేసింది కాబట్టి (ఆవిడ తేల్చాక మావయ్య మునగడమే తప్ప మాట్లాడడం ఉండేది కాదు) అది మా ఇంటికి చేరింది. వాయించడం నాలుగు ఆదివారాలు నేర్పి, ఆయన ఉద్యోగానికి వైజాగ్ వెళ్ళిపోయాడు. స్పీకరు పెట్టె మాత్రం ఇవ్వలేదు. పెట్టె లేని బేస్ ఈగకంటే చిన్నగా మోగుతుంది. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాను. గిటార్ తలని మా చెక్క బీరువాకి ఆనించి వాయిస్తే బీరువా మొత్తం గుంయ్‌మనేది. అలా నా మొట్టమొదటి బ్యాండులో నాతోపాటు ఉన్న సభ్యుడు మా బీరువా. లోపల నాన్న పంచెలు.

"ఏంటే ఆ పాట?" అనేది అమ్మ వంటింట్లోంచి.

"మొన్న ఆదివారం నువ్వు పాడిందేనమ్మా!"

"అందులో పాటేదే? గేదె నెమరేస్తున్నట్టుంటేనూ."

నాన్న స్కూలు మాస్టారు, కాస్త సున్నితం. ఆయన పక్కింటివాళ్ళని వెళ్ళి అడిగొచ్చారు, మోటారు నీళ్ళు లాగట్లేదా అని.

బ్యాండు కోసం నేను ఎక్కని గుమ్మం లేదు. మా చర్చి యువజనుల దగ్గరికి వెళితే, "నీకెందుకు శ్రమ చెల్లీ, మన కీబోర్డు అన్నయ్య ఎడంచేత్తో బేస్ కూడా వేసేస్తాడు, నువ్వు కోయర్‌లో నిలబడి పాడు" అన్నారు. సంగీత పరికరాల షాపులో మా ఇంటి ఫోన్ నంబరు రాసి కాగితం అంటించి వస్తే, ఇంజనీరింగ్ పిల్లలు ఫోన్ చేసి, "బేస్ వాయించే అబ్బాయి ఉన్నాడాండీ?" అన్నారు. "నేనేనండీ" అన్నాను. "మీ అన్నయ్య వచ్చాక చేస్తామండీ" అని పెట్టేశారు. (నాకు అన్నయ్య లేడు. ఉంటే వాడితోనూ పోట్లాడేదాన్ని.) ఇక పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వెళ్ళే ఆర్కెస్ట్రాల సంగతి. మన జిల్లాల్లో ఏ ఆర్కెస్ట్రా చూసినా కీబోర్డాయన కుడిచెయ్యి ఫ్లూటూ వయొలినూ వేస్తుంటే ఎడమచెయ్యి బేస్ చూసుకుంటుంది. ఒక మనిషి జీతానికి ఇద్దరు. అంటే నాకు పోటీ ఇంకో కళాకారుడు కాదు, ఒక కళాకారుడి ఎడమచెయ్యి. దానికి ఆకలీ నిద్రా లేవు, వ్యానులో సీటు అక్కర్లేదు, ఎదురు మాట్లాడదు. నా దగ్గర ఈ లోపాలన్నీ నిండుగా ఉన్నాయి.

అటువంటి రోజుల్లో ఒక ఆర్కెస్ట్రా మాస్టారు ఫోన్ చేశారు. "ఆదివారం జంగారెడ్డిగూడెంలో ఓణీల ఫంక్షనమ్మా. నీకు నల్ల డ్రెస్సుందా?" ఉందన్నాను. "అయితే వచ్చెయ్." ఏ పాటలొచ్చని అడగలేదు, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగలేదు. చదువుకున్నదాన్నే, ఆ ప్రశ్నలోనే నాకు తెలియాల్సింది. తెలియలేదు. మనిషి రెండేళ్ళు బీరువాతో వాయిస్తే ఇలాగే అవుతుంది. "ఆదివారం చర్చి మానేసి గంతులేంటే?" అని అమ్మ సణిగింది, సణుగుతూనే మగాళ్ళ వ్యానులో ఒక్కదాన్నే పంపనని పులిహోర డబ్బాతో సహా బయల్దేరింది.

పామాయిల్ తోటల రైతుగారి ఇంటిముందు పెద్ద షామియానా. స్టేజీ మీద నన్ను కీబోర్డు పక్కన నిలబెట్టారు. కీబోర్డాయన మా నాన్న వయసువాడు. పేరెందుకు గానీ, బాబాయిగారందాం. సౌండు చూసే అతను నా గిటార్‌కి వైరు గుచ్చి, రెండో కొస పట్టుకుని కీబోర్డు వెనక్కి వెళ్ళాడు. మొదటి పాట మొదలైంది. తీగ మీటాను. అయ్యో, ఏం చెప్పను! ఆ పెద్ద పెద్ద స్పీకర్లలోంచి బేస్ పలికింది. ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన పొట్ట అదిరింది, నా కళ్ళారా చూశాను. డ్రమ్సూ, తబలా, పాటా, కింద నేను. రెండేళ్ళ ఉత్త పప్పుకి చారు దొరికింది. రెండో పాటలో వేలు జారి పక్క గడి నొక్కాను, స్పీకర్లో మాత్రం ఒప్పే వినిపించింది. దేవుడి దయ అనుకున్నాను. మూడో పాటలో మళ్ళీ జారింది, మళ్ళీ ఒప్పే. దేవుడు ఈరోజు జంగారెడ్డిగూడెంలోనే మకాం పెట్టాడనుకున్నాను. నాలుగో పాటలో చున్నీ జారితే సర్దుకోవడానికి రెండు చేతులూ తీసేశాను. బేస్ ఆగలేదు. దాని పాటికది చక్కగా, నాకంటే చక్కగా నడుస్తోంది. మెల్లిగా తలతిప్పి చూశాను. బాబాయిగారి ఎడమచెయ్యి తాపీగా మెట్లు దిగుతోంది, ఎక్కుతోంది. నా వైరు రెండో కొస కీబోర్డు స్టాండుకి శుభ్రంగా చుట్టి, ముడేసి ఉంది.

"ఏమ్మా, చేతులు తీసేశావేంటి?" అన్నారాయన పెదవి కదపకుండా. "కదుపు, కదుపు. పార్టీవాళ్ళు చూస్తున్నారు."

కదిపాను. ఆ పూట అంతమంది మధ్య, అంత మోతలో నిలబడి తీగలు కదుపుతుంటే, మా బీరువా గదిలో కూడా నేనంత ఒంటరిగా లేననిపించింది. అక్కడ కనీసం నాన్న పంచెలకి వినపడేదాన్ని.

మధ్యలో విరామం ఇచ్చారు. అమ్మ స్టేజీ దగ్గరికొచ్చి పులిహోర పెడుతూ, ఎప్పుడూ లేనిది నా తల నిమిరింది. "బాగా వాయించావే. ఇంట్లోలా కాదు, శుభ్రంగా వినపడింది." ఆ డబ్బా ఆవిడ చేతిలో పెట్టి, తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"నన్నెందుకు పిలిచారండీ?"

"పదిమంది ఆర్కెస్ట్రా అని మాటిచ్చామమ్మా. ట్రంపెట్టాయనకి జ్వరం. స్టేజీ నిండుగా ఉండాలి కదా."

"అయితే ఒక అరటిచెట్టు కట్టుకోవాల్సిందండీ. పులిహోర కూడా అడగదు."

"అట్లా కాదమ్మా, సౌండు మిక్సర్లో ఇంకో వైరుకి చోటు లేదు. పిల్ల పెదనాన్నగారు ఆశీర్వచనం చెప్పడానికి ఒక మైకు విడిగా ఉంచమన్నారు."

"ఆయన పొద్దున్నించీ ఆశీర్వదిస్తూనే ఉన్నారు కదండీ. ఇంకా మిగిలిందా?"

మాస్టారు నవ్వాలో కసరాలో తేల్చుకోలేక బాబాయిగారి వైపు చూశారు. ఆయన ఆకు వక్క నములుతున్నారు. "బాబాయిగారూ, ఒక్క పాటండీ. మీరు ఎడమచెయ్యి తీసెయ్యండి, నేను వాయిస్తాను. బాగాలేకపోతే మళ్ళీ అడగను." నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పోట్లాటలో నేను ఎవరినీ బతిమాలినదాన్ని కాదు.

"తీసి ఎక్కడ పెట్టుకోనమ్మా దాన్ని? ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది."

"జేబులో పెట్టుకోండి."

ఆయన కాసేపు నమిలి, "సర్లే, పెదనాన్నగారు భోజనానికి లేచారు. ఆ మైకు వైరు పీకి ఈ పిల్లకివ్వండ్రా" అన్నారు. అన్నట్టుగానే ఎడమచెయ్యి లాల్చీ జేబులో పెట్టుకుని నిలబడ్డారు.

పాత డ్యూయెట్. మొదటి దెబ్బకి స్పీకర్లలో నా చప్పుడు విని నేనే జడుసుకున్నాను. అది బాబాయిగారి బేస్‌లా నున్నగా లేదు. గరుగ్గా, కాస్త వెనకబడి, గుమ్మంలోనే నిలబడిపోయిన చుట్టంలా ఉంది. అయినా చరణం దాకా లాక్కొచ్చాను. ఆ పాటలో చరణం చివర అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. అందరూ ఆగారు. నేను ఆగలేదు. అంత నిశ్శబ్దంలో నాదొక్కటే, గుమ్మ్‌మని, షామియానా కర్రలు కదిలేలా. పాడే అమ్మాయి తిరిగింది. మాస్టారు తిరిగారు. గరిట పట్టుకుని వడ్డిస్తున్న ఆయన సాంబారు ఆకు పక్కన పోశాడు. డ్రమ్సు అబ్బాయి మాత్రం పళ్ళికిలించి నన్ను చూసి తలూపాడు. రెండో చరణం చివర మళ్ళీ అందరూ ఆగారు. అతను నా వైపే చూస్తూ కర్ర పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. నేను మీటాను. అతను సరిగ్గా నాతోపాటే కొట్టాడు. ఈసారి అది తప్పు కాదు, పాటలో ఉన్నదే అయింది. బాబాయిగారు జేబులోంచి చెయ్యి తీయకుండానే "ఊఁ" అన్నారు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో అమ్మ అంది, "అంతా బాగానే ఉంది గానీ, చివర్లో గుమ్మ్‌మని ఆ దరిద్రపు చప్పుడేంటే? గుండె ఆగినంత పనైంది."

"అది నేనేనమ్మా."

"నువ్వా?" అని నా మొహంలోకి చూసింది. ఏం కనపడిందో, మిగిలిన పులిహోర డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టింది.

మాస్టారు తర్వాత పిలవలేదు. ట్రంపెట్టాయనకి జ్వరం తగ్గింది కదా. నేను బీఈడీ చేశాను, నాన్నలాగే బడిలో చేరాను, ఇంటా బయటా నోరున్న మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా అందరూ భోజనాల వరస చూస్తుంటే నేను కీబోర్డాయన ఎడమచేతిని చూస్తూ కూర్చుంటాను. మావారు "ఏంటి, తెలిసినాయనా?" అంటారు. ఆ చేతితో నాకు పాత గొడవ అంటాను. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను చాలా ఒప్పులు చేశానండీ, కావాలంటే మా హెడ్మాస్టరుగారిని అడగండి. వాటిలో ఒక్కదానికైనా అంతమంది అలా తల తిప్పి చూసిన పాపాన పోలేదు.