కాయిర్‌లో కలిసిన పద్యం గొంతు

2023 మార్చి. శాన్ రామన్‌లో మా ఇంటి గరాజ్‌నే స్టూడియోగా మార్చుకుని గాత్రం నేర్పుతున్నాను. కర్ణాటక సంగీతం, వెస్ట్రన్ వాయిస్ రెండూ నేర్చుకున్నదాన్ని కాబట్టి, ఒక బాణీ నుంచి మరో బాణీకి మారాలనుకునేవాళ్లు నా దగ్గరికి వస్తారు. అలా వచ్చినవారే రావుగారు.

ఆయనకు యాభై దాటాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు. గుంటూరు జిల్లాలో కాలేజీ రోజుల్లో పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడినవారు. కూతురు సహస్ర పాడే కమ్యూనిటీ కాయిర్‌లో, అంటే అందరి గొంతులూ ఒకటిగా వినిపించాల్సిన బృందగానంలో, తానూ చేరారు. ఆగస్టులో ఆమె కాలేజీకి వెళ్లిపోతుంది. ఇద్దరూ కలిసి పాడే అవకాశం ఆ మే నెల కచేరీ ఒక్కటే. కానీ గొంతు కలవకపోతే కచేరీకి వద్దని కాయిర్ డైరెక్టర్ చెప్పేశాడు.

“ఆంటీ, డాడీ స్టార్ట్ చేస్తే పక్కన అందరూ స్టాప్ అయిపోతారు,” అంది సహస్ర. “కానీ నాకు డాడీ కావాలి అక్కడ.”

ముందు ఒక పద్యం పాడమన్నాను. గరాజ్ తలుపు అదిరింది. రాగం తీస్తే ఊపిరి ఎక్కడా తెగలేదు. తరువాత కాయిర్ పాటలో ఒక్క స్వరం ఇచ్చాను. కింది నుంచి జారుతూ చేరుకున్నారు, చేరాక ఊపారు. పద్యానికి ఆ జారుడే ప్రాణం. కాయిర్‌కి మాత్రం స్ట్రెయిట్ టోన్ కావాలి, అంటే స్వరాన్ని ఊగకుండా తిన్నగా పట్టడం. కొన్ని వారాల్లో అది వచ్చింది. గట్టితనం మాత్రం తగ్గలేదు.

ఒకరోజు కాయిర్ రికార్డింగ్ పెట్టి, దాంతోపాటు మెల్లగా పాడమన్నాను. రెండు వరసలు పాడి ఆపేశారు.

“మెల్లగా పాడితే నా గొంతు నాకే వినపడట్లేదమ్మా. ఇక శ్రుతిలో ఉన్నానో లేదో ఎట్లా తెలిసేది?”

అసలు సంగతి అప్పుడు అర్థమైంది. నాటకంలో గొంతు హాలు చివరి గోడను తాకి తిరిగి వస్తుంది. దాన్ని వింటూనే ఆయన శ్రుతి చూసుకునేవారు. చుట్టూ అందరూ పాడుతుంటే ఆ ఆసరా పోయి, ఇంకా ఇంకా పెంచుతున్నారు.

“చెవులు పక్కవాళ్లకి ఇచ్చేయండి రావుగారూ. మీ గొంతుని చేత్తో చూసుకోండి,” అని ఆయన అరచేతిని ఛాతీ మీద పెట్టించి, పెదాలు మూసి హమ్ చేయించాను. ఎంత పలుకుతోందో ఆ అదురులో తెలుస్తుంది. రెండు గొంతులు కలిసినప్పుడు మధ్యలో ఒరుసుకునే రొద ఆగి నున్నగా వినిపిస్తుంది. అది పట్టుకోవడం చెవి పని.

“ఇట్లా అణిచి అణిచి నా పద్యం పోదు కదా?” అన్నారోసారి, కాస్త భయంగా.

“నేను పోనివ్వను,” అన్నాను. ప్రతి పాఠం చివరా నిండు గొంతుతో ఒక పద్యం పాడించే ఇంటికి పంపేదాన్ని.

కచేరీకి ముందు డైరెక్టర్ మళ్లీ విని సరేనన్నాడు. ఆ సాయంత్రం ప్రేక్షకుల్లో కూర్చుని ఎంత చెవి పెట్టినా, ఆయన గొంతు నాకు విడిగా దొరకలేదు. బయటికి రాగానే సహస్ర తండ్రిని గట్టిగా పట్టుకుంది.

“డాడీ, నువ్వు అస్సలు వినపడలేదు!”

“మరేమనుకున్నావ్!” అని రావుగారు పార్కింగ్ లాట్ అంతా వినపడేలా నవ్వారు.

ఇప్పుడు కొత్త బాణీ కోసం ఎవరొచ్చినా ముందు పాత బాణీలోనే పాడమంటాను. పాడేటప్పుడు తమ గొంతును తాము ఎలా వింటున్నారో అడుగుతాను. గొంతు చాలావరకు సిద్ధంగానే ఉంటుంది. కొత్తగా నేర్పాల్సింది వినడమే.